ఆసిమ్ తెర మీద పచ్చగడ్డి

రాస్ అల్ ఖైమా,
5 ఆగస్టు 2006

కంప్యూటర్ల మూర్తి సారుకు హలీమాబీ సలాం చెప్పి రాసేది.

మీకు నేను తెలియదు. మీ కంపెనీ అల్ వర్సాన్ క్యాంపు ఆఫీసులో కూలీల హాజరు రాసిన ఆసిమ్ నా కొడుకు. మీకు మూడుసార్లు ఫోన్ చేశాను. మూడుసార్లూ "మూర్తి మీటింగ్‌లో ఉన్నాడమ్మా" అని తెలుగులో చెప్పారు. ఆ ఆఫీసులో మీరు తప్ప తెలుగాయన ఇంకొకరు లేరని వాడి రూములో ఉండిన జిలానీ బాషా తర్వాత చెప్పాడు. పోనీలెండి. కాగితమైతే మీ మీటింగ్ అయ్యేదాకా బల్ల మీద కూర్చుని ఉంటుంది, దానికి తొందర లేదు.

నేను రాయచోటి దగ్గర పల్లెలో ఐదో తరగతి దాకా చదివాను. ఇక్కడ అరబ్బుల ఇంట్లో వంట చేస్తాను. నా అక్షరాలు పెద్దవిగా పడతాయి, ఏమనుకోవద్దు.

జూన్ నెలలో నా కొడుకు మూడు రోజుల జ్వరంతో పోయాడు. ఇరవై నాలుగేళ్లు. ఆ రోజు మా మేడం ఇంటికి చుట్టాలు, యాభై మందికి వంట. నాకు సెలవు మరుసటి రోజు దొరికింది. చేరేసరికి అల్ ఖూజ్ ఖబరస్తాన్‌లో మట్టి వేసేశారు. మొహం చూడలేదు.

నా దగ్గర వాడి ఫొటో ఒక్కటే ఉంది, పాస్‌పోర్టుకు తీసింది. అందులో వాడు నా కొడుకులా లేడు, పోలీసులు పట్టుకొచ్చినవాడిలా ఉన్నాడు. పోయిన ఏడు ఈద్‌కు నేను క్యాంపుకు వెళ్లినప్పుడు, కూలీల కార్డులకు ఫొటోలు తీసే కెమెరాతో మా ఇద్దరినీ కలిపి తీయించాడు. దాన్ని ఆఫీసు కంప్యూటర్‌లో తెర నిండా పెట్టుకున్నాడు. "పొద్దన్నే నీ మొగం చూసినాకనే హాజరు పుస్తకం తీస్తా మా" అని ఫోన్‌లో అనేవాడు. ఆ ఫొటో నేను ఒక్కసారి కూడా చూడలేదు.

నలభయ్యో రోజు వాడి పేరున చదివించే ఫాతిహాకు క్యాంపుకు పోయాను. నిజం చెప్పాలంటే ఆ తెర చూడాలనే పోయాను. ఫాతిహా అయ్యాక జిలానీ కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు. పాస్‌వర్డ్ క్యాంపులో అందరికీ తెలుసు, తెర అంచున కాగితం మీద రాసి అంటించి ఉంది. నొక్కాడు. ఏదో ఇంగ్లీషు వచ్చింది. ఆసిమ్ ప్రొఫైల్ తెరుచుకోవడం లేదట, ప్రస్తుతానికి ఇంకొకటి ఇస్తుందట, అందులో ఏం చేసినా ఆపగానే పోతుందట. తర్వాత ఒక గడ్డి గుట్ట వచ్చింది. పైన నీలం ఆకాశం, తెల్ల మబ్బులు.

"ఇదేంది జిలానీ, నా కొడుకేడీ?"

"ఇది అందురికీ వచ్చే బొమ్మ పెద్దమ్మా."

అందరికీ వచ్చేది నాకెందుకు సారూ? నా బిడ్డను తీసి గడ్డి పెట్టింది ఎవరు? వాడి ప్రొఫైల్ తెరిచి నా ఫొటో నాకు చూపించండి. ఇంకేమీ అడగను.

హలీమాబీ


జెబెల్ అలీ,
14 ఆగస్టు 2006

శ్రీమతి హలీమాబీ గారికి,

విషయం: యూజర్ ప్రొఫైల్ లోడ్ కాకపోవుట.

మీ లేఖ అందినది. మీ కుమారుని విషయం విచారకరం. మీ ఫిర్యాదుకు 4417 అను నంబరు కేటాయించడమైనది. ఇకమీదట రాసే ప్రతి లేఖపై ఈ నంబరు వేయగలరు.

ముందుగా, కంప్యూటర్‌ను ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేశారా? చేయకపోతే చేయండి. చేసి ఉంటే మళ్లీ చేయండి.

ప్రొఫైల్ అనగా ఒక వ్యక్తి కంప్యూటర్‌లో తనకోసం చేసుకున్న ఏర్పాట్లన్నీ: తెర మీది బొమ్మ, ఫైళ్లు, ఇతర సరంజామా. అది లోడ్ కానంత మాత్రాన పోయినట్టు కాదు. గదిలో వస్తువులు ఉండవచ్చు, తలుపు మాత్రమే తెరుచుకోవడం లేదు.

తెరవడానికి ఇందుతో జతపరచిన ఫారం అవసరం. దానిపై యూజర్ స్వయంగా సంతకం చేసి, ఉద్యోగి కార్డుతో మా కార్యాలయానికి రావలెను. యూజర్ తరఫున ఇతరుల సంతకం, తల్లి అయినను, చెల్లదు. పాస్‌వర్డ్‌ను కాగితంపై రాసి తెరకు అంటించుట భద్రతా నియమాలకు విరుద్ధం. ఈ విషయమై యూజర్‌ను మందలించవలసినదిగా కోరుతున్నాను.

మీరు ఫోన్ చేసిన మూడుసార్లూ నేను మీటింగ్‌లోనే ఉన్నానని మనవి.

కె. ఎస్. మూర్తి
కంప్యూటర్ విభాగం


రాస్ అల్ ఖైమా,
20 ఆగస్టు 2006
ఫిర్యాదు 4417

మూర్తి సారుకు,

మీ ఉత్తరం మా డ్రైవరు షావలి దగ్గర కూడా చదివించుకున్నాను, నాకు అర్థం కాలేదేమో అని. ఆయనకూ అట్లాగే అర్థమైంది.

ఫారం తిరిగి పంపుతున్నాను. యూజర్ అల్ ఖూజ్‌లో ఉన్నాడు. మీ ఆఫీసు వ్యాను అటువైపు పోతే ఇచ్చి చూడండి. పెన్ను కూడా పంపండి, వాడి జేబులో ఏముంచారో నాకు తెలియదు.

మందలించమన్నారు. మందలించాను. ఉల్లిపాయలు కోస్తూ, "పాస్‌వర్డ్ తెరకు అంటిస్తావారా, మూర్తి సారుకు కోపమొచ్చింది చూడు" అని గట్టిగానే అన్నాను. పలకలేదు. చిన్నప్పటి నుంచీ అంతే, తిడితే నోరు తెరవడు.

ఆపి ఆన్ చేయడం జిలానీ పదకొండుసార్లు చేశాడట. పదకొండుసార్లూ గడ్డే. క్యాంపులో ప్రతివాడూ ఇంజనీరే సారూ. ఒకడు వైరస్ అంటాడు. ఒకడు ఏసీ చల్లదనం ఎక్కువై జలుబు చేసిందంటాడు. ఇంకొకడు దాన్ని బోర్లించి, దులిపి, వెనక నోటితో ఊది, "ఖలాస్, ఇప్పుడు చూడు" అన్నాడట. చూస్తే ఆ గడ్డే.

గదిలో వస్తువులు ఉన్నాయేమో అన్నారు కదా, ఆ ఒక్క ముక్క కోసం మీ ఉత్తరం దిండు కింద పెట్టుకున్నాను.

ఒక మాట. మధ్యలో కరెంటు పోతే ఇట్లా అవుతుందా? ఊరికే అడుగుతున్నాను.

హలీమాబీ


జెబెల్ అలీ,
2 సెప్టెంబరు 2006
ఫిర్యాదు 4417

హలీమాబీ గారికి,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. సంతకం గడి గురించి మా మేనేజరును అడిగాను. ఇక్కడ ఆయనను అందరూ ముదీర్ అనే అంటారు. యూజర్ ఉద్యోగంలో లేనప్పుడు వేరే ఫారం ఉందని ఆయన సెలవిచ్చారు.

అందులో ఉద్యోగి వెళ్లిపోవడానికి మూడు కారణాలున్నాయి: రాజీనామా, ఒప్పందం ముగియుట, పరారీ. నాలుగోది లేదు. మొదటి రెండింటికీ ఉద్యోగి చేతిరాత కావాలి. పరారీకి ఎవరి సంతకమూ అక్కరలేదు. అందువల్ల మీ అబ్బాయిని జూన్‌లోనే పరారీగా నమోదు చేశారట. ఇది కేవలం సిస్టమ్ కోసం, దయచేసి వేరేగా తీసుకోవద్దు. అయితే పరారీ అయినవారి ప్రొఫైళ్లను అక్టోబరు 31న తుడిచివేస్తారు.

ఇంకొక ఇబ్బంది. చెడిపోయినదాన్ని బాగుచేయాలంటే, చెడగొట్టిన వ్యక్తి పేరు రాయాలి. ఆ గడి ఖాళీగా ఉంటే ఫారం ముందుకు కదలదు.

కరెంటు గురించి అడిగారు. అవును, ప్రొఫైల్ తెరిచి ఉన్నప్పుడు హఠాత్తుగా కరెంటు పోతే అది చెడిపోవచ్చు. యంత్రం తన డైరీ తానే రాసుకుంటుంది. జులై 28 శుక్రవారం పగలు 11 గంటల 52 నిమిషాలకు అది చెప్పాపెట్టకుండా ఆగిపోయింది. ఆ రోజు క్యాంపులో కరెంటు పోలేదు. అంటే ఎవరో ప్లగ్గు పీకారు.

మీరు అక్కడే ఉన్నారు కదా. ఎవరైనా పీకడం చూశారా?

మూర్తి


రాస్ అల్ ఖైమా,
9 సెప్టెంబరు 2006
ఫిర్యాదు 4417

మూర్తి సారుకు,

పరారీనా?

నా కొడుకు నాలుగేళ్లు మీ కంపెనీలో పనిచేశాడు. నేనూ వాడూ ఒకే దేశంలో ఉన్నాం, బస్సులో గంటన్నర దూరం. నాలుగేళ్లలో రెండుసార్లు కలిశాం. "ఒక్క పూట రా నాయనా" అంటే, "నేను రాకుంటే ఆరువందల మందికి హాజరు పడదు మా" అనేవాడు. కన్నతల్లి దగ్గరకే పారిపోనివాడు ఎక్కడికి పారిపోయాడని రాసుకున్నారు?

జ్వరం వచ్చిన రోజు కూడా దుప్పటి కప్పుకుని కూర్చుని అందరి పేర్లూ రాశాడట. తన పేరు పక్కన కూడా హాజరు అని రాసి ఆసుపత్రికి పోయాడట. మీ పుస్తకం తీసి చూడండి. ఎక్కడైనా లేడని రాసి ఉంటే నన్ను అడగండి.

మా మేడం ఇంట్లో పిల్లి చచ్చిపోతే దాని డాక్టరు కాగితం ఇచ్చాడు సారూ, చచ్చిపోయింది అని. చక్కగా, ముద్ర వేసి.

ఆ మాట కొట్టేయించండి. ఫొటో తర్వాత చూద్దాం, ముందు ఆ మాట కొట్టేయించండి.

ప్లగ్గు ఎవరు పీకారో నాకేం తెలుసు. నేను వంటలో ఉన్నాను.

హలీమాబీ


జెబెల్ అలీ,
21 సెప్టెంబరు 2006
ఫిర్యాదు 4417

హలీమాబీ గారికి నమస్కారాలు.

హాజరు పుస్తకం తెప్పించి చూశాను. జూన్ 17న ఆసిమ్ పేరు పక్కన హాజరు అనే ఉంది. గీత కొంచెం వంకర పోయింది, అంతే.

ఆ పుస్తకం పట్టుకుని ముదీర్ గదిలోకి వెళ్లాను. ఇన్నేళ్లలో పిలవకుండా వెళ్లడం ఇదే మొదటిసారి. ఆయన, "ఫారంలో లేనిది నేనెలా రాస్తాను మూర్తీ" అన్నారు. "ఫారం మారుద్దాం సార్" అన్నాను. నాలుగో కారణం చేర్చడానికి ముగ్గురి సంతకాలు, రెండు మీటింగులు పట్టాయి. (ఇవి నిజం మీటింగులే.) మొత్తానికి నిన్నటి నుంచి మా కంపెనీలో ఉద్యోగి చనిపోవడానికి కూడా అనుమతి ఉంది. పరారీ అన్న మాట కొట్టేశాం. నేనే దగ్గరుండి కొట్టేయించాను.

రెండో సంగతి కూడా తేలిపోయింది. క్యాంపు ఆఫీసు తాళంచెవి వాచ్‌మన్ ఖాదర్ హుస్సేన్ దగ్గర ఉంటుంది. ప్లగ్గు అతనే పీకాడని ముదీర్ నిర్ణయించారు. అతన్ని అడిగితే, "నేను పీకలేదు సార్. ఎవురు పీకినారో అడగొద్దు" అని తల వంచుకుని నిలబడ్డాడట. అతని పేరు గడిలో రాసి, ఈద్‌కు ఊరికి వెళ్లే సెలవు రద్దు చేస్తారు. వచ్చే వారం ముదీర్ సంతకం పెడతారు, ఆ వెంటనే నేను కంప్యూటర్ బాగుచేస్తాను.

కాబట్టి మీ పని అయినట్టే. ఈ కబురు రాస్తున్నందుకు సంతోషంగా ఉంది.

మూర్తి


రాస్ అల్ ఖైమా,
27 సెప్టెంబరు 2006

మూర్తి సారుకు,

నంబరు వేయలేదు. ఇది ఫిర్యాదు కాదు.

మీ ఉత్తరం వచ్చి రెండు రోజులైంది. మొదటి రోజు ఏమీ రాయలేదు. ఊరుకుంటే ఫొటో వస్తుంది కదా అనుకున్నాను. ఉపవాసం ఉండి అనుకున్నాను ఆ మాట.

ప్లగ్గు పీకింది నేను.

క్యాంపు రూముల్లో కరెంటు కుక్కర్లు పెట్టనివ్వరు, తనిఖీ చేసి ఎత్తుకుపోతారు. ఫాతిహాకు బెల్లం అన్నం నా చేత్తో వండాలని పట్టుబట్టాను. పాపం ఖాదర్ హుస్సేన్ ఆఫీసు గది తలుపు తీశాడు. అక్కడ గోడకు ఉన్నది ఒకటే ప్లగ్గు. దానికి కంప్యూటర్ తీగ ఉంది. నాకు చూపించాలని జిలానీ పొద్దున్నే దాన్ని తెరిచి పెట్టి, ఫాతిహా అయ్యాక చూద్దాం అని బయటికి పోయాడట. ఆ సంగతి నాకు తెలియదు. తెర నల్లగా ఉంది. మా మేడం టీవీ ఆపినప్పుడు నల్లగా ఉంటుంది. ఇదీ అంతే అనుకున్నాను.

"పెద్దమ్మా, అది ఆఫ్ చేసినారా?" అన్నాడు ఖాదర్ హుస్సేన్ గడప దగ్గర నిలబడి.

"నల్లగుంది కదప్పా, ఇంగ ఆఫ్ చేసేదేముంది" అని పీకి, కుక్కర్ పెట్టాను.

అన్నం బాగా వచ్చింది. అందరూ రెండోసారి పెట్టించుకున్నారు.

గడ్డి వచ్చినప్పుడే నాకు అనుమానం. ఖాదర్ హుస్సేన్ నా మొహం చూశాడు, నేను వాడి మొహం చూశాను. అయినా మీకు రాసిన మొదటి ఉత్తరంలోనే ఎవరు చేశారు అని అడిగాను. అడిగితే ఇంకెవరో చేసినట్టే అనిపించింది.

గడిలో నా పేరు రాయండి. కింద సంతకం పెడుతున్నాను, పెద్దగానే పెడుతున్నాను. దీనివల్ల ఫొటో తుడిచేస్తామంటే తుడిచేయండి. ఖాదర్ హుస్సేన్‌కు ఊర్లో కూతురు పుట్టి మూడేళ్లు, ఇంతవరకూ ఎత్తుకోలేదు. వాడిని ఈద్‌కు పంపండి. వాడికి ఎత్తుకోవడానికి బిడ్డ ఉంది సారూ.

హలీమాబీ


దుబాయ్,
7 అక్టోబరు 2006

హలీమాబీ అమ్మకు,

ఇది ఇంటి నుంచి రాస్తున్నాను, ఆఫీసు కాగితం మీద కాదు.

మీ పేరు గడిలో రాయడానికి కుదరలేదు. మీరు కంపెనీ ఉద్యోగి కారు కాబట్టి మీ పేరు కంప్యూటర్ ఒప్పుకోదు. బయటి మనిషి ప్లగ్గు పీకే అవకాశమే మా నియమాల్లో లేదు కాబట్టి, ప్లగ్గు ఎవరూ పీకలేదని ముదీర్ తేల్చారు. ఎవరూ పీకలేదు కాబట్టి ఏదీ చెడిపోలేదు. ఏదీ చెడిపోలేదు కాబట్టి బాగుచేయడానికి అనుమతి లేదు. ఫిర్యాదు 4417 మూసివేశారు. ఖాదర్ హుస్సేన్ సెలవు మాత్రం నిలబడింది. పదిహేనున బయల్దేరుతున్నాడు.

ఇదంతా ఇంట్లో చెబుతూ నవ్వాను. మా ఆవిడ కాత్యాయని నవ్వలేదు. "బాగుచేయడానికి ఎంతసేపు పడుతుందండీ?" అంది. అరగంట అన్నాను. "ఆవిడ ఉత్తరం రాసి ఎన్నాళ్లైంది?" అంది. నేను నెలలు లెక్కపెట్టేలోగా తను వంటింట్లోకి వెళ్లిపోయింది.

నిన్న శుక్రవారం అల్ వర్సాన్ వెళ్లాను. కాత్యాయని కూడా వస్తానని వచ్చింది, నేను మధ్యలో తిరిగి వచ్చేస్తానని అనుమానం కాబోలు. చెడిపోయిన ప్రొఫైల్‌ను అలాగే తెరవలేమమ్మా. కొత్త పేరుతో ఇంకొకటి తెరిచి, పాతదానిలోని వస్తువులన్నీ ఒక్కొక్కటిగా అందులోకి మోసుకురావాలి. మూడు ఫైళ్లు మాత్రం ముట్టుకోకూడదు. చెడింది అక్కడే, వాటిని తెస్తే కొత్తది కూడా చెడుతుంది. ఆ మూడూ అక్కడే వదిలేసి మిగతావన్నీ తెచ్చాను.

కొత్త ప్రొఫైల్‌కు ఒక పేరు కావాలని అడిగింది. మీ పేరు పెట్టాను. అనుమతి ఎవరినీ అడగలేదు.

ఫొటో ఉంది. తెర నిండా పెట్టాను. నేను సరిగ్గా చూడలేదు, అది మీరు ముందు చూడవలసింది. ఈద్‌కు సెలవు దొరికితే వెళ్లండి. పాస్‌వర్డ్ ఆసిమ్ పుట్టిన సంవత్సరం. జిలానీకి కూడా చెప్పలేదు. ఎక్కడా అంటించలేదు.

ఇంకొకటి. ఆ మూడుసార్లూ నేను మీటింగ్‌లో లేను. ఆగస్టులోనే ఈ అరగంట మీకు ఇచ్చి ఉండాల్సింది. నన్ను మందలించండి. ఉల్లిపాయలు కోస్తూ అయినా సరే.

మూర్తి


రాస్ అల్ ఖైమా,
28 అక్టోబరు 2006

మూర్తి బాబుకు, కాత్యాయనమ్మకు హలీమాబీ దువా చేసి రాసేది.

ఈద్ రెండో రోజు సెలవు ఇచ్చారు. షావలి బస్సు ఎక్కించాడు. క్యాంపు ఆఫీసులో నలభై మంది చేరారు, పెళ్లికి వచ్చినట్టు. జిలానీ కీలు నొక్కబోయాడు. "తియ్ రా చెయ్యి, పేరు నాది" అన్నాను. ఒక్కొక్క అక్షరం వాడు వేలితో చూపిస్తే నేను నొక్కాను. ఇంగ్లీషులో నా పేరు ఇంత పొడుగుందని నాకు తెలియదు. రెండుసార్లు తప్పు పోయింది. "నిదానంగా పెద్దమ్మా, యల్లా, యల్లా" అని వెనక నుంచి అందరూ ఒకటే అరుపులు. నిదానంగా అనీ వాళ్లే, యల్లా, తొందరగా అనీ వాళ్లే.

మూడోసారి తెరుచుకుంది.

మీ ఆఫీసు నుంచి నాకు ఇంకొక ఫారం వచ్చింది. మూసిన ఫిర్యాదుకు కూడా పంపుతారట. "సమస్య పూర్తిగా తీరినదా" అని ఉందని షావలి చెప్పాడు. కాదు అంటే మళ్లీ ఒక నంబరు వేస్తారు పెద్దమ్మా అని భయపెట్టాడు. అవును మీద గీత పెట్టి పంపుతున్నాను. షావలి భయపెట్టాడని కాదు, మీకు ఇంకొక మీటింగ్ తప్పుతుందని. మిమ్మల్ని మందలించేది ఏమీ లేదు. ప్లగ్గు పీకినదాన్ని నేను, రెండు నెలలు మిమ్మల్ని తిప్పలు పెట్టినదాన్ని.

ఫొటో చెప్తాను, మీరు సరిగ్గా చూడలేదన్నారు కదా. వాడు తెల్ల చొక్కా వేసుకున్నాడు, ఇస్త్రీ చేసింది. పళ్లన్నీ కనిపించేలా నవ్వుతున్నాడు, కెమెరా వైపు చూసి. నేను కెమెరాను చూడలేదు. ఫోల్డర్‌లో ఇంకా రెండు ఉన్నాయని జిలానీ తీసి చూపించాడు. మొత్తం మూడుసార్లు తీయించాడట. "మా, అటు చూడు మా, నా మొగంలో ఏముండాది" అని విసుక్కున్నాడు ఆ రోజు, నాకు ఇప్పుడు గుర్తొచ్చింది. మూడింటిలోనూ నేను వాడినే చూస్తున్నాను. అంతసేపు చూశానని నాకే తెలియదు.

హలీమాబీ